నవ్వుతూ ఎత్తాలి

గోడౌన్‌లో బెల్టు పక్కన కూలబడిన తమ్ముడు లియోని మోసుకెళ్ళి ఆటోలో పడుకోబెట్టిన రోజు నుంచి సోఫియాకు అన్నం సహించడం లేదు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ పక్కకు జరిగిందనీ, తను చెప్పేదాకా నీళ్ళ బిందె కూడా ఎత్తొద్దనీ యూసుఫ్‌గూడ డాక్టరు అతనికి గట్టిగా చెప్పాడు. చిటికె పార్సిల్స్ యజమాని క్రాంతికుమార్ మాత్రం వేరే మాట చెప్పాడు. "శనివారం పొద్దున రమ్మను. అందరి ముందూ సినిమాలో వాళ్ళలాగా ఎత్తి చూపిస్తే ఉంటాడు. లేదంటే ఐడీ కార్డు ఇచ్చేసి పొమ్మను." ఆ మాటను ఇంటికి మోసుకెళ్ళింది సోఫియానే. ఆ గోడౌన్‌కి సూపర్‌వైజరు ఆమే మరి.

ఆ శనివారం రానే వచ్చింది.

రహమత్ నగర్ నుంచి అక్కాతమ్ముళ్ళు రోజూ కలిసే వస్తారు. ఫిల్మ్‌నగర్ ఏటవాలు రోడ్డు మీద గోడౌన్‌కి రెండు గేట్లు. స్టాఫ్‌ది ముందు, లోడర్లది వెనక. విడిపోయే చోట లియో ప్రతిరోజూ "కలుద్దాం అక్కా" అంటాడు. రైలెక్కి పోతున్నవాడిలా రోజూ ఆ మాటెందుకురా అని సోఫియా విసుక్కుంటుంది. ఇవాళ అతనేమీ అనలేదు. చొక్కా కింద నడుం పట్టీ ఉబ్బెత్తుగా కనపడుతుంటే, ఒక భుజం దించుకుని వెనక గేటు వైపు నడిచిపోయాడు. లోపల మిషన్ మీద వేలిముద్ర వేశాక గానీ, వాడు కలుద్దాం అనలేదని ఆమెకు తట్టలేదు. వెనక్కి పరుగెత్తాలనిపించింది. నాన్న ఆఖరిసారి గుమ్మం దిగిన పొద్దున ఆమె నిద్రలో ఉంది. "పడుకోనీ, లేపమాకు" అన్నాడట అమ్మతో. అప్పటినుంచి ఎవరైనా చెప్పకుండా వెళ్ళిపోతే వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆమె గుమ్మం వైపే చూస్తుంటుంది.

గోడౌన్ అంటారు గానీ అది ఒకప్పటి షూటింగ్ ఫ్లోరు. చప్పుడు మింగెయ్యడానికని లోపలంతా మెత్తటి పలకలు బిగించిన గోడలు. కిటికీ అన్నది లేదు. షూటింగులు పోయాక ఏసీలు పీక్కుపోయారు. గాలాడని ఆ డబ్బాలో బెల్టు మీద పార్సిళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, లోడర్లు అందుకుని వ్యాన్లలో పేరుస్తుంటారు. బెల్టు చివర ఒక స్తంభానికి ఎర్ర మీట ఉంది. అది నొక్కితే బెల్టు ఆగిపోతుంది. సూపర్‌వైజరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. సోఫియా దాన్ని ఎప్పుడూ నొక్కలేదు. లియో పడిపోయిన రోజున కూడా వాడి వైపే పరుగెత్తింది తప్ప మీట గుర్తు రాలేదు.

ఎదురుగోడ మీద మనిషంతేసి అక్షరాలు: నిమిషానికి పన్నెండు! నవ్వుతూ!

మేడ మీదున్న పాత ప్రివ్యూ థియేటరే క్రాంతికుమార్ ఆఫీసు. ప్రతి సోమవారం లోడర్లందరినీ అక్కడి ఎర్ర కుర్చీల్లో కూర్చోబెట్టి ఒక చిన్న సినిమా వేయిస్తాడు. వాళ్ళ చెమట అంటుతుందని కుర్చీల మీద ముందే పాత దుప్పట్లు పరిపిస్తాడు. తెర మీద నీలం చొక్కాల మనుషులు పెద్ద పెద్ద అట్టపెట్టెల్ని బంతుల్లా అందుకుంటూ, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ వ్యాను నింపేస్తారు. లైట్లు వెలిగాక సోఫియా లేచి నిలబడి ఒక మాట చెప్పాలి. "చూశారుగా. వాళ్ళూ మనుషులే." రెండేళ్ళుగా చెబుతోంది. ఒక రాత్రి నడుం పట్టుకుని మూలుగుతున్న తమ్ముడికి కూడా చెప్పింది.

ఇవాళ అలాంటి సినిమానే మళ్ళీ కొత్తగా తీస్తున్నారు. దసరా అమ్మకాలు దగ్గరపడ్డాయి. గోడ మీద పన్నెండు చెరిపి పదిహేను రాయడానికి నిచ్చెన కూడా వేసి ఉంది.

యూనిట్ వ్యానులోంచి నీలం చొక్కా మనిషి దిగాడో లేదో, "ఓరి, హీరో వచ్చిండ్రోయ్!" అని జంగయ్య కేకేశాడు. లోడర్లందరిలోకీ పెద్దవాడు అతనే. చేతిలో పని వదిలేసి అందరూ మూగారు. సందేహం లేదు. సినిమాలో మొదటి పెట్టె అందుకునేది ఆ మనిషే. పేరు ప్రేమ్ చంద్. ఉండేది కృష్ణానగర్.

"నన్ను గుర్తుపట్టారా?" అన్నాడు ప్రేమ్ చంద్. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నో సినిమాల్లో గుంపులో నిలబడ్డాడు గానీ ఎవరూ ఎప్పుడూ గుర్తుపట్టలేదట.

"ఎట్ల మరుస్తమే? సోమారం సోమారం నిన్నే సూస్తం. నా పెండ్లాన్ని గూడ గంత సూడ," అన్నాడు జంగయ్య. "జర నీ చేతులు చూపియ్యి. లోపల ఏం మోటర్ పెట్టించినవ్? నీ యెంట పడలేక మా నడుములు పోతున్నయ్."

అందరూ నవ్వారు. వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డ లియో కూడా నవ్వాడు. ప్రేమ్ చంద్ వేసుకున్న మేకప్‌నీ, అతని చొక్కా ఇస్త్రీనీ కళ్ళప్పగించి చూస్తున్నాడు. ఫిరంగిపురం నుంచి హైదరాబాద్ బస్సెక్కినప్పుడు లియో అనుకున్నది పార్సిళ్ళు ఎత్తాలని కాదు.

డైరెక్టర్ ఉదయశ్రీ చప్పట్లు కొట్టింది. పాతికేళ్ళు దాటిన పిల్ల, మెడలో హెడ్‌ఫోన్లు. "ఆర్ట్ వాళ్ళ పెట్టెలు ఇంకా రాలేదు. రిహార్సల్‌కి బెల్టు మీదవే వాడేద్దాం. ప్రేమ్ గారూ, రెడీయా?"

ప్రేమ్ చంద్ మెడ విదిలించి, నవ్వు తగిలించుకుని, సినిమాలోలాగే ఒంటి చేత్తో సొగసుగా వంగాడు. పెట్టె కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. మోకాలి దాకా లేచి జారిపోయి అతని పాదం మీద పడింది.

"ఓర్నాయనో!" కాలు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. "ఏంటండీ ఇది? లోపల సామానుంది!"

"పార్సిల్ల సామాన్ గాక గాలుంటదా?" అన్నాడు జంగయ్య.

"పోయినసారి ఖాళీవే ఇచ్చారు కదండీ. మరీ ఖాళీగా ఉంటే ఎగిరిపోతున్నాయని అడుగున ఇటుక ముక్క అంటించారు. కాస్త బరువుంటే నటన బాగా వస్తుందని నేనే అడిగానండీ!"

బెల్టు మాత్రం తిరుగుతోంది.

"ఖాళీవా?" అంది సోఫియా.

"ఖాళీవే," అంది ఉదయశ్రీ మానిటర్ మీంచి కళ్ళెత్తకుండా. "ఎడిటింగ్‌లో కాస్త స్పీడ్ కూడా పెంచాం. యాడ్ కదండీ." టీలో పంచదార తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

జంగయ్య నెమ్మదిగా వెళ్ళి ఒక పార్సిల్ మీద కూర్చున్నాడు. క్రాంతికుమార్ వచ్చాక డ్యూటీలో ఎవరైనా కూర్చోవడం అక్కడ ఇదే మొదటిసారి. అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "నేను ముసలోన్నయిపోయిన అనుకుంటున్న బిడ్డా," అన్నాడు సోఫియాతో. "రెండేండ్ల సంది గదే ఫికర్. ఇంట్ల గూడ గదే చెప్పిన. ఇగ నాతోని గాదే, పిల్లగాన్ని కాలేజి మాన్పియ్యి, పనిల పెడదాం అని. మాన్పిచ్చినం."

రోజూ పీల్చే వాసనే, చెమటా అట్టా నొప్పుల మందూ కలిసిన వాసన, ఇవాళ సోఫియాకు మురుగులా తగిలింది. వాళ్ళూ మనుషులే. తన గొంతు తనకే వినిపించింది. తమ్ముడి వైపు చూసింది. లియో ఆమె వైపు చూడటం లేదు.

ఆమె మెట్లెక్కింది.

క్రాంతికుమార్ ఉప్మాలో జీడిపప్పులు ఏరుకుని తింటున్నాడు. నెయ్యి అంటిన వేళ్ళు పక్క కుర్చీ మీది దుప్పటికి తుడుచుకున్నాడు. లోడర్లు కూర్చునే దుప్పటి అది.

"సార్, ఆ సినిమాలో పెట్టెలు ఖాళీవంట."

"ఊఁ." నమిలాడు. "అయితే?"

మెట్లెక్కుతున్నంతసేపూ ఆమె అబద్ధం వినడానికి సిద్ధపడింది. ఎవడో చెప్పాడనో, నాకేం తెలుసనో అంటాడనుకుంది. అతను ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు.

"మీకు ముందే తెలుసా?"

"తెప్పించింది నేనేగా!"

"మరి నిమిషానికి పన్నెండు అని గోడ మీద..."

"సినిమా చూసి, మనకి పార్సిళ్ళిచ్చే క్లయింటు ముచ్చటపడ్డాడు. నిమిషానికి ఎన్ని అవుతాయండీ అన్నాడు. అక్కడే లెక్కపెట్టుకున్నాం, పన్నెండొచ్చింది. సరేనన్నాడు." గ్లాసులో నీళ్ళు పుక్కిలించి మింగాడు. "మొదట్లో నేనూ భయపడ్డాను, వీళ్ళెక్కడ చేస్తారులే అని. చేశారుగా! మనిషికి తన బలం తనకే తెలీదమ్మా. ఎదురుగా చూపిస్తే బయటికొస్తుంది."

"బలం కాదు సార్ బయటికొచ్చింది. వాళ్ళ నడుము బిళ్ళలు. మా తమ్ముడు తుమ్మాలంటే గోడ పట్టుకుంటున్నాడు."

"అందరికీ రాలేదుగా?"

"చెప్పుకోవడం లేదు. చెబితే కార్డు లాక్కుంటారని నొప్పుల మందు రాసుకుని వస్తున్నారు. కింద వాసన చూడండి ఒకసారి." ఆమె మెట్ల వైపు చెయ్యి చూపింది. ఈ మనిషి ముందు ఎప్పుడూ ఇంతసేపు మాట్లాడలేదు. "నేనూ లోడింగ్ చేసే పైకొచ్చాను సార్. మీరు కొనక ముందు ఇక్కడ బరువైన పెట్టె ఇద్దరం పట్టేవాళ్ళం. ఒక వ్యాను తలుపు వేశాక ఇంకోటి వచ్చి ఆగేదాకా కూర్చుని నీళ్ళు తాగేవాళ్ళం. ఎవరికైనా చెయ్యి లాగితే బెల్టు నిదానం చేసేవాళ్ళం. పార్సిళ్ళు ఆగిపోయాయా? మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. మిర్చి బస్తాని టిక్కీ అంటారు, దాన్ని ఇద్దరెత్తి మూడోవాడి వీపు మీద పెట్టాలి. పౌరుషానికి పోయి ఎవడైనా ఒక్కడే ఎత్తబోతే మేస్త్రీ తిట్టి పంపించేసేవాడు."

"మీ నాన్న ఇప్పుడెక్కడున్నాడు?"

"లేడు."

"చూశావా?" అన్నాడు క్రాంతికుమార్, ఏదో గెలిచినట్టు.

ఆమెకు ఆ ఉప్మా వాసన భరించలేనిదైంది. నాన్న ఒక్కడే టిక్కీ ఎత్తబోయి పోయిన మాట నిజం. మేస్త్రీ రాని రోజది. తొందరగా లారీ నింపాలన్నారు. ఆ సంగతి ఈ నోటి ముందు పెట్టబుద్ధి కాలేదు.

"బెల్టు నిదానం చేయించండి సార్. బరువైన పెట్టెల మీద బరువు రాయించి ఇద్దరిని పెట్టండి. మధ్యలో కూర్చోనివ్వండి. గోడకి బెజ్జం కొట్టి గాలి రానివ్వండి. లియోకి డాక్టరు చెప్పేదాకా కూర్చుని చేసే పని ఇవ్వండి."

"హీరో ఒక్కడే వందమందిని కొడతాడు సోఫియా. ఇది నిజమేనా అని ఎవడైనా అడిగాడా?"

"అడగలేదు. ఇంటికెళ్ళి నువ్వూ వందమందిని కొట్టు, లేకపోతే పని పీకేస్తానని చూసినవాడితో ఎవరూ అనలేదు సార్."

క్రాంతికుమార్ నమలడం ఆపాడు. కోపమొస్తుందనుకుంది. రాలేదు. ముందుకు వంగి, పెళ్ళి మాటలు మాట్లాడుతున్నంత తియ్యగా అన్నాడు. "సరేగానీ, రెండేళ్ళుగా వాళ్ళూ మనుషులే అని చెప్పింది ఎవరమ్మా? నేనా? నేను చెబితే వినేవాళ్ళా? నీ గొంతులో ఒక నమ్మకం ఉంటుంది. కొత్త సినిమా ఆఖర్లో నీ చేతే చెప్పిద్దామనుకుంటున్నా, తెర మీదే. చీర కూడా తెప్పించాం."

సోఫియా రెండడుగులు వెనక్కి వేసింది. అతని మీద పుట్టిన ఏవగింపు అతని దగ్గరే ఆగలేదు. మెల్లగా పాకి తన మీదికి కూడా వచ్చింది. చీర ఎంచారంటే, తను ఒప్పుకుంటుందని వాళ్ళకెంత ధీమా!

అతని ఫోన్ మోగింది. "చెప్పు ఉదయశ్రీ... కాలు వాచిందా? అయ్యో... ఊఁ... ఎవరూ? స్తంభం దగ్గర కుర్రాడా?" అతని మొహం విప్పారింది. "భలే! ఫేసు బాగుంటుంది. అడిగి చూడు." ఫోన్ పెట్టేసి ఆమె వైపు తిరిగాడు. "ఇక నీకే బాధా లేదు. ఖాళీ పెట్టెలని ఏడిచావుగా? ఈసారి నిజం పెట్టెలే. నిజం లోడరే. ఎవడూ ఒక్క మాట అనడానికి ఉండదు."

ఆ కుర్రాడెవరని అడగాల్సిన పని లేకపోయింది. ఆమె మెట్ల మీద పరుగెత్తింది.

లైట్లన్నీ వెలిగాయి. బెల్టు ముందు తెల్లటి వెలుగు మడుగు కట్టినట్టుంది. యూనిట్ కుర్రాళ్ళు తాడు కట్టి లోడర్లను దూరంగా నిలబెట్టారు. అద్దం ముందు లియో కూర్చుని ఉన్నాడు, మెడ చుట్టూ తెల్లగుడ్డ. మేకప్ మనిషి అతని మొహం మీది చెమటంతా అద్ది తీసేశాడు. తర్వాత సీసాతో నీళ్ళు కొట్టి, కణతల మీదా మెడ మీదా చుక్కలు నిలబెడుతున్నాడు. అసలు చెమట మరకలుగా పడుతుందట, కెమెరాకి బాగుండదట. నొప్పుల మందు వాసన పోవడానికి సెంటు కూడా కొట్టారు. రెండూ కలిసి ముక్కు పగిలిపోతోంది. నడుం పట్టీ కుర్చీ వెనక వేలాడుతోంది.

"చొక్కా కింద ఉబ్బుగా కనిపిస్తోందని తీయించాను," అంది ఉదయశ్రీ. "ఏదో కండరం పట్టిందన్నాడు. అంతేగా?"

"కండరమా? లియో, ఏం చెప్పావురా?"

అద్దంలోంచి లియో ఆమెను చూశాడు. పది రోజుల తర్వాత అతని మొహంలో వెలుగు కనపడింది. అది చూసే ఆమెకు భయమేసింది.

"నన్నే అడిగారక్కా. ఇంతమందిలో నన్నే. ఒక్క వ్యానేనంట. ఇది చేస్తే కార్డు గొడవ కూడా ఉండదంట."

"డాక్టరేం చెప్పాడు? లే. ఇంటికి పోదాం పద."

"ఇంటికి పోయి?" మెల్లగా అన్నాడు, మేకప్ చెదరకుండా. "మనింట్లో నాన్న ఫొటో ఒక్కటి కూడా లేదుగా అక్కా. ఎలా ఉండేవాడో నాకు తెలీదు. అమ్మని అడిగితే నీలాగే అంటుంది, అంతే. నేనైనా తెర మీద ఉండనీ. నవ్వుతూ ఉంటాను, రేపు అమ్మ ఎప్పుడంటే అప్పుడు చూసుకుంటుంది."

"ఒరేయ్, వద్దురా..."

అతను లేచాడు. లేచేటప్పుడు కుర్చీ చేతిని పట్టుకోవాల్సి వచ్చింది, పట్టుకున్నట్టు కనపడకుండా పట్టుకున్నాడు. వెలుగులోకి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"కలుద్దాం అక్కా," అన్నాడు.

"పదిహేను వేగం పెట్టండి!" పైనుంచి క్రాంతికుమార్ గొంతు. మెట్ల మీద నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

బెల్టు గుర్రుమని ఊపందుకుంది. చీకట్లోంచి మొదటి పెట్టె కదిలి వచ్చింది. దాన్ని చూడగానే తాడు అవతల నుంచి జంగయ్య అరిచాడు. "వద్దు పిల్లగా! గది గ్రైండర్ డబ్బా! ఇద్దరు వట్టాలె!"

శబ్దాన్ని మింగడానికే కట్టిన గోడలు అతని కేకను మింగేశాయి. సోఫియా కూడా అరిచింది. ఎవరూ తల తిప్పలేదు. ఉదయశ్రీ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెయ్యి పైకెత్తింది.

సోఫియా లియో వైపు పరుగెత్తలేదు. పోయినసారి చేసిన తప్పు మళ్ళీ చేయదలచుకోలేదు. బెల్టు చివరికి, స్తంభం దగ్గరికి పరుగెత్తింది. ఇది నొక్కితే తన పనీ పోతుంది, తమ్ముడి పనీ పోతుంది. పోనీ. అరచెయ్యి మొత్తం ఎర్ర మీట మీద వేసి బలంకొద్దీ నొక్కింది.

బెల్టు ఆగలేదు.

మళ్ళీ నొక్కింది. పిడికిలితో గుద్దింది. స్తంభం కిందికి చూసింది. మీట నుంచి దిగిన వైరు గోడ దాకా వెళ్ళలేదు. మధ్యలోనే కత్తిరించి, కొసకు నల్లటి టేపు చుట్టి, శ్రద్ధగా మడిచి పెట్టారు. ఆ టేపు మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. ఇవాళ కోసింది కాదు, నిన్న కోసింది కాదు. లియో కూలిన రోజున ఆమెకు గుర్తొచ్చి నొక్కినా ఆగేది కాదు.

తలెత్తింది. మెట్ల మీద క్రాంతికుమార్ ఆమెనే చూస్తున్నాడు. వద్దన్నట్టు వేలు ఊపాడు, అల్లరి చేసే పిల్లను మందలించినట్టు.

వెలుగు మడుగులో, మొహం మీద నీటి చుక్కలు మెరుస్తుండగా, లియో నవ్వుతూ వంగాడు.